ఎంతవరకు చెప్పవచ్చో నేర్పే చదువు: ఫోరెన్సిక్ సైన్స్ డిగ్రీ గురించి

మీరు మూడు ప్రశ్నలు అడిగారు. పాఠశాల చదువు ముగిశాక ఫోరెన్సిక్ సైన్స్, నేర పరిశోధన కలిపి బోధించే డిగ్రీలో నేరుగా చేరడం మంచిదా, లేక ఇంట్లో పెద్దలు చెబుతున్నట్టు ముందు రసాయనశాస్త్రంలో డిగ్రీ పూర్తి చేసి పీజీలో ఇటు రావడం మంచిదా అన్నది మొదటిది. ఈ కోర్సుల్లో అసలు ఏం నేర్పుతారన్నది రెండోది. లెక్కలంటే భయపడేవారికి ఈ చదువు సాధ్యమేనా అన్నది మూడోది. నేను చాలా ఏళ్లు ఒక ప్రయోగశాలలో రక్తం, ఇతర జీవసంబంధ నమూనాలను పరీక్షించే విభాగంలో పనిచేశాను, ఆ తర్వాత ఇదే విషయాన్ని విద్యార్థులకు బోధిస్తున్నాను. కాబట్టి రెండు వైపుల నుంచీ చూసినదే చెబుతాను. రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే ఏం నేర్పుతారో తెలిస్తే మొదటి ప్రశ్నకు జవాబు చాలావరకు మీకే తోస్తుంది.

ఈ కోర్సులో చేరే విద్యార్థుల్లో ఎక్కువమంది, నేరస్థుణ్ణి ఎలా పట్టుకోవాలో ఇక్కడ నేర్పుతారన్న నమ్మకంతో వస్తారు. నిజానికి ఇక్కడ నేర్పేది అది కాదు. ఒక మరక, ఒక వెంట్రుక, ఒక ఫోన్‌లోని ఫైలు ఏం చెబుతోంది, ఏం చెప్పడం లేదు, ఆ రెంటి మధ్య గీత ఎక్కడుంది అన్నది తేల్చుకుని, ఆ గీత దాటకుండా మాట్లాడడం నేర్పుతారు. వినడానికి ఇది చిన్న విషయంగా అనిపించవచ్చు కానీ మూడు నాలుగేళ్ల చదువంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ఒక చిన్న పరీక్షతో దీన్ని చూపిస్తాను.

మొదటి సంవత్సరం ప్రాక్టికల్స్‌లో దాదాపు ప్రతిచోటా చేయించే పరీక్ష కాస్టల్-మేయర్ పరీక్ష. ఎర్రగా, గోధుమ రంగులో ఒక మరక కనిపిస్తుంది, అది రక్తం అయ్యే అవకాశం ఉందా అన్నది తెలుసుకోవాలి. శుభ్రమైన దూది పుల్లను లేదా వడపోత కాగితపు మడతను మరకకు సున్నితంగా తాకించి, దాని మీద ముందు ఒక చుక్క ఇథనాల్ వేస్తారు. తర్వాత రంగులేని రూపంలోకి మార్చిన ఫినాల్ఫ్తలీన్ ద్రావణం ఒక చుక్క వేసి ఆగుతారు. ఇక్కడ ఆగడం చాలా ముఖ్యం. ఈ దశలోనే గులాబీ రంగు వచ్చేస్తే అక్కడ ఇంకేదో ఆక్సీకరణ పదార్థం ఉందని అర్థం, ఆ పరీక్ష చెల్లదు. రంగు రాకపోతేనే హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తారు. అప్పుడు కొన్ని సెకన్లలో ముదురు గులాబీ రంగు విరిస్తే ఫలితం పాజిటివ్. అర నిమిషం దాటాక మెల్లగా వచ్చే రంగును లెక్కలోకి తీసుకోరు, ఎందుకంటే గాలి తగిలి ఆ ద్రావణం తనంతట తానే రంగు తిరుగుతుంది.

తరగతిలో ఆ గులాబీ రంగు కనిపించగానే విద్యార్థులు ‘రక్తం’ అని నోట్సులో రాసేస్తారు. నేను అక్కడే ఆపి, పక్క బల్ల మీదున్న రెండో నమూనాను పరీక్షించమంటాను. అది గుర్రపుముల్లంగి దుంప రసం. అదీ గులాబీ రంగుకే తిరుగుతుంది, ఎందుకంటే ఈ పరీక్ష రక్తాన్ని చూడదు. రక్తంలోని హీమోగ్లోబిన్ పెరాక్సైడ్‌ను విడగొట్టే తీరును మాత్రమే చూస్తుంది. అదే పని చేసే ఎంజైములు కొన్ని మొక్కల్లోనూ ఉంటాయి, కొన్ని లోహాల లవణాలూ అలాగే ప్రవర్తిస్తాయి. పైగా అది రక్తమే అయినా మనిషిదో జంతువుదో ఈ రంగు చెప్పదు, ఎప్పుడు పడిందో చెప్పదు, ఎవరిదో అసలే చెప్పదు. కాబట్టి రాయవలసిన వాక్యం, ‘రక్తం ఉండవచ్చని సూచించే ప్రాథమిక పరీక్ష పాజిటివ్’ అన్నంత వరకే. ఆ పైన నిర్ధారణ పరీక్ష ఒకటి, మనిషి రక్తమేనా అని చూసే పరీక్ష ఒకటి, ఆపైన డీఎన్‌ఏ. ఒక్కో మెట్టు ఎక్కిన కొద్దీ ఒక్కో మాట చెప్పే హక్కు వస్తుంది.

ఈ తేడాను నేను పుస్తకంలో చదివి పరీక్షలో చక్కగా రాసి కూడా, ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో తప్పాను. ఒక కత్తి పిడి పగులులో ఉన్న సూక్ష్మమైన మరకకు ప్రాథమిక పరీక్ష పాజిటివ్ వచ్చింది, మిగిలిన కాస్త పదార్థం తర్వాతి పరీక్షలకు చాలలేదు. నివేదికలో ‘పిడి మీద రక్తం ఉంది’ అని రాశాను. కోర్టులో డిఫెన్స్ న్యాయవాది నన్ను అడిగింది రెండే ప్రశ్నలు. అది రక్తమేనని నిర్ధారించే పరీక్ష చేశారా? చేయలేదన్నాను. అయితే రక్తం అని ఎందుకు రాశారు? నా దగ్గర సమాధానం లేదు. ఆ తర్వాత నేను సరిగా చేసిన మిగతా పరీక్షల మీద కూడా న్యాయమూర్తికి అనుమానం కలిగింది, కలగడం న్యాయమే. ఒక మనిషి స్వేచ్ఛ ఆ ఒక్క పదం మీద ఆధారపడి ఉండవచ్చునన్న సంగతి నాకు ఆ రోజు పూర్తిగా అర్థమైంది. అప్పటి నుంచి విద్యార్థుల నివేదికల్లో క్రియాపదాలను ఎర్ర సిరాతో దిద్దుతూనే ఉన్నాను.

సాక్ష్యాన్ని కనుక్కోవడం ఒక ఎత్తయితే, దాన్ని ఇతరులు చూసి నమ్మేలా నిలబెట్టడం మరో ఎత్తు. ఈ శాస్త్రం చరిత్ర కూడా అక్కడే మొదలైందని చెప్పవచ్చు. 1832లో ఇంగ్లండ్‌లో ఒక విషప్రయోగం కేసులో జేమ్స్ మార్ష్ అనే రసాయనశాస్త్రవేత్త ఆర్సెనిక్ ఉందని పసుపు రంగు అవక్షేపం రూపంలో కనిపెట్టాడు. విచారణ నాటికి ఆ అవక్షేపం పాడైపోవడంతో జ్యూరీకి చూపడానికి ఏమీ మిగలలేదు, నిందితుడు విడుదలయ్యాడు. ఆ అసంతృప్తితోనే అతను మరో పద్ధతి కోసం శ్రమించి 1836లో ప్రకటించాడు. నమూనాను జింకు, ఆమ్లంతో కలిపి, వెలువడే వాయువును వేడిచేస్తే గాజు మీద ఆర్సెనిక్ అద్దంలా మెరిసే పొరగా అంటుకుంటుంది. నెలలు గడిచినా చూపించవచ్చు. అయితే ఆంటిమొనీ అనే మరో మూలకం కూడా అలాంటి పొరనే ఇస్తుంది, దాన్ని వేరుచేయడానికి మళ్లీ మరో పరీక్ష కావాలి. 1909లో స్విట్జర్లాండ్‌లోని లోసాన్ విశ్వవిద్యాలయంలో రుడాల్ఫ్ ఆర్చిబాల్డ్ రైస్ ఈ విద్యకు తొలి పాఠశాల స్థాపించేనాటికి, మరుసటి ఏడు ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఎడ్మండ్ లోకార్డ్ కోర్టు భవనం అటక గదుల్లో పోలీసు ప్రయోగశాల తెరిచేనాటికి, అడుగుతున్న ప్రశ్న ఇదే: నేను చూసినదాన్ని నాకు సంబంధం లేని మరో మనిషి పరీక్షించి చూస్తే అదే కనబడుతుందా?

ఇక పాఠ్యాంశాల సంగతి. పేర్లు విశ్వవిద్యాలయానికో రకంగా ఉన్నా, నడక ఇంచుమించు ఒకటే. మొదటి ఏడాది రసాయనశాస్త్రం, కణజీవశాస్త్రం, మైక్రోస్కోపు వాడకం, గణాంకశాస్త్రం, న్యాయవ్యవస్థ పరిచయం ఉంటాయి. రెండో ఏడాది వేలిముద్రలు, డీఎన్‌ఏ, విషాలు, మాదకద్రవ్యాలు, అగ్నిప్రమాదాలు, పరికరాలతో విశ్లేషణ వస్తాయి. చివరి ఏడాది ఒక పరిశోధన ప్రాజెక్టు, నిపుణుల సాక్ష్యం, మాక్ కోర్టు (అభ్యాసం కోసం నడిపే నమూనా కోర్టు) ఉంటాయి. నేర పరిశోధన కలిసిన కోర్సులో వీటితోపాటు సాక్షుల విచారణ, కేసు నిర్వహణ, నేర మనస్తత్వశాస్త్రం, డిజిటల్ ఆధారాలు ఉంటాయి. మంచి విభాగాలకు ఒక ఇల్లో, గదుల వరుసో ప్రత్యేకంగా ఉంటుంది. అందులో ఘటనా స్థలాన్ని సృష్టించి విద్యార్థులను పంపిస్తారు.

ఆ గదిలో నేర్చుకునే మొదటి పాఠం చేతులు కట్టుకుని నిలబడడం. లోపలికి వెళ్లగానే ఏదీ ముట్టకూడదు. ముందు చూడాలి, రాయాలి, ఫోటోలు తీయాలి, దూరం నుంచి ఒకటి, మధ్య దూరం నుంచి ఒకటి, దగ్గరి నుంచి కొలబద్ద పెట్టి ఒకటి. ఆ తర్వాతే సేకరణ. ఏ వస్తువును దేంట్లో పెట్టాలన్నదాని వెనుక కూడా రసాయనశాస్త్రం, జీవశాస్త్రం ఉన్నాయి. రక్తంతో తడిసిన చొక్కాను ప్లాస్టిక్ సంచిలో మూసిపెడితే తేమకు బూజు పట్టి డీఎన్‌ఏ చెడిపోతుంది కాబట్టి ఆరబెట్టి కాగితం సంచిలో పెడతారు. అదే తగలబడిన ఇంటి నుంచి తెచ్చిన బూడిద, శిథిలాలను కాగితం సంచిలో పెడితే పెట్రోలు ఆవిర్లు పోతాయి కాబట్టి గాలి చొరని లోహపు డబ్బాలో బిగించాలి. ఫోన్‌ను సిగ్నల్ అందని సంచిలో ఉంచాలి, లేకపోతే దూరం నుంచే ఎవరైనా దానిలోని సమాచారాన్ని తుడిచేయవచ్చు. ప్రతి సంచి మీద ఎవరు, ఎప్పుడు, ఎక్కడ తీశారో ఉండాలి. చేతులు మారిన ప్రతిసారీ సంతకం ఉండాలి. ఆ సంతకాల వరుసలో ఒక్కటి తప్పినా, మధ్యలో ఆ వస్తువుకు ఏమైందో చెప్పే ఆధారం ఎవరి దగ్గరా ఉండదు. విద్యార్థులకు ఇది గుమాస్తా పనిలా విసుగ్గా ఉంటుంది. నా అనుభవంలో కేసులు నిలబడేదీ కూలేదీ ఎక్కువగా ఈ కాగితాల దగ్గరే.

కలుషితం కావడం గురించి ఒక కేసు చెప్పకుండా ముందుకు వెళ్లలేను, ఎందుకంటే దీన్ని నేను ప్రతి బ్యాచ్‌కూ చెబుతాను. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్ దేశాల్లో ఏళ్ల తరబడి ఒకే గుర్తు తెలియని మహిళ డీఎన్‌ఏ పదుల సంఖ్యలో ఘటనా స్థలాల్లో దొరుకుతూ వచ్చింది. హత్యలు, చిన్న దొంగతనాలు, ఒకదానితో ఒకటి పొంతన లేని నేరాలు. 2007లో జర్మనీలోని హైల్‌బ్రాన్‌లో ఒక పోలీసు అధికారిణి హత్య జరిగిన చోట కూడా అదే డీఎన్‌ఏ. పెద్ద బహుమతి ప్రకటించి గాలించారు. చివరికి 2009లో తేలిందేమిటంటే, ఆ మహిళ నేరస్థురాలు కాదు, నమూనాలు తీసే దూది పుల్లల తయారీలో పనిచేసిన కార్మికురాలు. ఆ పుల్లలు సూక్ష్మక్రిములు లేకుండా శుద్ధి చేసినవే. కానీ క్రిములను చంపే శుద్ధి డీఎన్‌ఏను తొలగించదు. డీఎన్‌ఏను పెంచే పీసీఆర్ పద్ధతిలో ఒక్కో ఆవృత్తికి ప్రతుల సంఖ్య రెట్టింపవుతుంది. లెక్క ప్రకారం 28 ఆవృత్తులకు ఒక ప్రతి 26 కోట్లు దాటుతుంది. అంత సున్నితమైన పద్ధతి నేరస్థుడి కణాన్నీ కార్మికురాలి కణాన్నీ ఒకేలా పెంచుతుంది. అందుకే ప్రతి వరుస నమూనాలతోపాటు ఏ నమూనా తాకించని ఖాళీ పుల్లను కూడా పరీక్షించాలి. ఆ ఖాళీ పుల్ల ఫలితాన్ని రాయడం మరిచిపోయిన విద్యార్థికి నేను మార్కులు ఇవ్వను. డీఎన్‌ఏ అవశేషాలు లేని పరికరాల తయారీకి 2016లో ఒక అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది.

ఇప్పుడు నేర పరిశోధన భాగం. శాస్త్రం వైపు నుంచి వచ్చే విద్యార్థులు దీన్ని సులభమైన సబ్జెక్టుగా, మార్కుల కోసం ఉన్నదిగా చూస్తారు. అది పొరపాటు. 1984లో ఇంగ్లండ్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆలెక్ జెఫ్రీస్, డీఎన్‌ఏను బట్టి మనిషిని గుర్తించే డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ను కనుగొన్నాడు. ఆ ప్రాంతంలోనే 1983లో, 1986లో ఇద్దరు బాలికల హత్యలు జరిగాయి. 17 ఏళ్ల కుర్రాడు ఒకడు రెండో హత్య తానే చేశానని ఒప్పుకున్నాడు. పోలీసులు మొదటి హత్యను కూడా అతనికే ముడిపెట్టాలన్న ఉద్దేశంతో జెఫ్రీస్ సాయం అడిగారు. రెండు హత్యలూ ఒకడే చేశాడని, ఆ ఒకడు ఈ కుర్రాడు కాదని డీఎన్‌ఏ తేల్చింది. హత్యల దర్యాప్తులో ఈ విద్య మొదటిసారి చేసిన పని ఒక అమాయకుణ్ణి విడిపించడం. అసలు నేరస్థుడికి 1988లో శిక్ష పడింది. అది కూడా కేవలం ప్రయోగశాల వల్ల కాదు. ఆ ప్రాంతంలోని వేలమంది పురుషుల నుంచి రక్త నమూనాలు సేకరించినప్పుడు అతను తన బదులు మరొకరిని పంపించి తప్పించుకున్నాడు. ఆ మరొకరు నలుగురి మధ్య నోరు జారిన మాటను ఒక మహిళ విని పోలీసులకు చెప్పడంతో దొరికాడు.

ఈ ఒక్క కేసులో మీరు చదవబోయే సగం పాఠాలు ఉన్నాయి. చేయని నేరాన్ని మనుషులు ఎందుకు ఒప్పుకుంటారు? ప్రశ్న అడిగే తీరు జవాబును ఎలా మారుస్తుంది? మనస్తత్వ పరిశోధకులు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లో ప్రచురించిన ప్రయోగంలో కార్లు ఢీకొన్న ఒకే దృశ్యాన్ని చూపి, కొందరిని కార్లు ‘తగిలినప్పుడు’ వేగమెంత అని, కొందరిని ‘గుద్దుకుని నుజ్జయినప్పుడు’ వేగమెంత అని అడిగారు. రెండో మాట విన్నవారు ఎక్కువ వేగం చెప్పారు. పగిలిన గాజు చూశారా అని వారం తర్వాత అడిగితే, ఆ దృశ్యంలో గాజు పగలకపోయినా, చూశామన్నవారు కూడా వారిలోనే ఎక్కువ. దర్యాప్తు అధికారి నోటి మాట సాక్షి జ్ఞాపకంలో కలిసిపోతుందని తెలిసినవాడు, ‘ఏం జరిగిందో మీకు గుర్తున్నంత వరకు చెప్పండి’ అని మొదలుపెట్టి మధ్యలో అడ్డు రాకుండా వింటాడు. అలా వినడం అభ్యాసంతోనే వస్తుంది.

సాక్షి సంగతి సరే, నిపుణుడి కన్ను కూడా అలాగే లోబడుతుంది. 2004లో మాడ్రిడ్ రైళ్లలో బాంబు పేలుళ్ల తర్వాత ఒక ప్లాస్టిక్ సంచి మీద దొరికిన వేలిముద్ర అమెరికాలోని ఒక న్యాయవాదిదని ఆ దేశ దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ నిపుణులు నిర్ధారించారు. ఒకరి తర్వాత ఒకరు అదే అన్నారు. ఆయన దాదాపు రెండు వారాలు నిర్బంధంలో ఉన్నాక, స్పెయిన్ పోలీసులు ఆ ముద్ర మరొక వ్యక్తిదని తేల్చారు. ఆ తర్వాత ఇటియల్ డ్రోర్ అనే పరిశోధకుడి బృందం ఒక చిన్న అధ్యయనం చేసి 2006లో ప్రచురించింది. ఐదుగురు అనుభవజ్ఞులైన వేలిముద్రల నిపుణులకు, గతంలో వాళ్లే సరిపోలాయని చెప్పిన వేలిముద్రల జతలను, అవి వాళ్లు ముందే చూసినవని చెప్పకుండా, ఇవి మాడ్రిడ్ కేసులో తప్పుగా గుర్తించినవి అని చెప్పి ఇచ్చారు. ఐదుగురిలో నలుగురు తమ పాత అభిప్రాయం మార్చుకున్నారు. ఐదుగురి మీద చేసిన అధ్యయనం నుంచి పెద్ద సూత్రాలు లాగకూడదని నేనే విద్యార్థులకు చెబుతాను. కానీ ముద్రలు మారలేదు, వాటి చుట్టూ చెప్పిన కథ మాత్రమే మారింది. కాబట్టి పోల్చి చూసే వ్యక్తికి కేసు కథ ఎంతవరకు చెప్పాలి, ముందు ఘటనా స్థలపు ముద్రలోని లక్షణాలను రాసుకున్నాకే అనుమానితుడి ముద్ర చూపాలా అన్న ప్రశ్నలు ఇప్పుడు పాఠ్యాంశాల్లో భాగమయ్యాయి. శాస్త్రం, దర్యాప్తు కలిపి చదివితే కలిగే అసలు ప్రయోజనం ఇదే. ఏ సమాచారం ఎవరికి, ఎప్పుడు చేరాలో రెండు వైపుల నుంచీ తెలుస్తుంది.

లెక్కల భయం గురించి. భయం ఉంటే చేరవద్దని నేను అనను కానీ, తప్పించుకోవచ్చని మాత్రం చెప్పలేను. కొన్ని చాలా తేలికైనవే. ఏటవాలుగా పడిన రక్తపు చుక్క అండాకారపు మరకగా ఏర్పడుతుంది. దాని వెడల్పును పొడవుతో భాగిస్తే వచ్చేది, చుక్క పడిన కోణం తాలూకు సైన్ విలువ. వెడల్పు 5 మిల్లీమీటర్లు, పొడవు 10 మిల్లీమీటర్లు ఉంటే విలువ 0.5, అంటే 30 డిగ్రీలు. బడిలో నేర్చుకున్న త్రికోణమితి చాలు. మనిషిని తికమకపెట్టేది అలాంటి లెక్క కాదు, సంభావ్యత.

ఒక అసంపూర్ణమైన డీఎన్‌ఏ ప్రొఫైల్ (నమూనా నుంచి తీసిన డీఎన్‌ఏ గుర్తుల పట్టిక), సంబంధం లేని మనుషుల్లో 10 లక్షల మందికి ఒకరిలో కనిపించేంత అరుదైనది అనుకుందాం. అది నిందితుడితో సరిపోయింది. ‘కాబట్టి ఇతను నిర్దోషి అయ్యే అవకాశం 10 లక్షల్లో ఒకటే’ అని ఎవరైనా అంటే వినడానికి సబబుగా ఉంటుంది, కానీ అది తప్పు. 50 లక్షల జనాభా ఉన్న నగరంలో ఆ ప్రొఫైల్ సరిపోయేవారు సగటున ఐదుగురు ఉండాలి. వేరే ఆధారమేదీ లేకుండా కేవలం డేటాబేస్ వెతికి ఇతణ్ణి పట్టుకుని ఉంటే, ఆ ఐదుగురిలో ఇతను ఒకడన్నది మాత్రమే మనకు తెలిసింది. నిర్దోషి అయితే ప్రొఫైల్ సరిపోయే అవకాశం వేరు, ప్రొఫైల్ సరిపోయింది కాబట్టి నిర్దోషి అయ్యే అవకాశం వేరు. నిపుణుడు చెప్పగలిగింది మొదటిదే, రెండోది మిగతా సాక్ష్యమంతా చూసి కోర్టు తేల్చవలసింది. ఈ రెండు వాక్యాల తేడాను ఒక సామాన్యుడికి అర్థమయ్యేలా వివరించగలిగితే, లెక్కల్లో మీకు కావలసింది చాలావరకు వచ్చినట్టే. భయాన్ని అలా ఒక్కో ప్రశ్న దగ్గర పోగొట్టుకున్న విద్యార్థులను నేను చాలామందిని చూశాను. గణాంకాలను బట్టీపట్టి గట్టెక్కినవారు మాత్రం మాక్ కోర్టులో మొదటి ప్రశ్నకే ఇబ్బంది పడ్డారు.

ఏ పద్ధతినైనా ప్రశ్నించడం నేర్పని కోర్సు మంచి కోర్సు కాదని నా గట్టి అభిప్రాయం. 2009లో అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీ తరఫున వచ్చిన నివేదిక, న్యూక్లియర్ డీఎన్‌ఏ (కణ కేంద్రకంలోని డీఎన్‌ఏ) విశ్లేషణ మినహా, ఒక ఆధారాన్ని ఒక వ్యక్తికే ముడిపెట్టగల సామర్థ్యం మరే ఫోరెన్సిక్ పద్ధతికీ గట్టిగా రుజువు కాలేదని చెప్పింది. 2015లో ఎఫ్‌బీఐ తన పాత కేసులను తిరగతోడినప్పుడు, మైక్రోస్కోపు కింద వెంట్రుకలు పోల్చి తన నిపుణులు ఇచ్చిన సాక్ష్యాల్లో 90 శాతానికి పైగా పొరపాటు మాటలు ఉన్నాయని ఒప్పుకుంది. వెంట్రుకలు చూడడం తప్పు కాదు. ‘పోలి ఉంది’ అనవలసిన చోట ‘ఇతనిదే’ అనడం తప్పు. కాటు గుర్తుల పోలిక, నిప్పు మొదలైన చోటు గురించిన పాత నమ్మకాలు కూడా ఇలాగే ప్రశ్నకు గురయ్యాయి. మీరు చేరబోయే చోట ఈ నివేదికలను పాఠంగా చెబుతున్నారో లేదో కనుక్కోండి.

ఇక మొదటి ప్రశ్న. మీ ఇంట్లో వారి మాటలో బలముంది. ప్రయోగశాలలో పని చేయాలన్నదే మీ లక్ష్యమైతే, చాలా ప్రయోగశాలలు నియామకాల్లో రసాయనశాస్త్రమో జీవశాస్త్రమో గట్టిగా వచ్చినవారిని కోరుకుంటాయి. ఫోరెన్సిక్ పద్ధతులను తామే నేర్పుకుంటాయి. మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసి గ్రాఫుగా చూపే గ్యాస్ క్రోమటోగ్రఫీ పరికరం ముందు నిలబడి, గ్రాఫులో ఈ శిఖరం ఎందుకు రెండుగా చీలింది అని ఆలోచించగలవాడు కావాలి. ఏ మీట నొక్కాలో మాత్రమే తెలిసినవాడితో పని గడవదు. రసాయనశాస్త్రం పట్టా మరో ప్రయోజనం కూడా ఇస్తుంది. ఫోరెన్సిక్ ఉద్యోగాలు ఎక్కడైనా తక్కువే, పోటీ ఎక్కువ. ఔషధాల నాణ్యత పరీక్షలు, క్రీడల్లో నిషేధిత మందుల (డోపింగ్) పరీక్షలు, పర్యావరణ పరీక్షలు వంటి దారులు ఆ పట్టాతో తెరిచే ఉంటాయి. అయినా కలిపి చదివే డిగ్రీని నేను తీసిపారేయను. ఘటనా స్థల పరిశీలన, దర్యాప్తు, డిజిటల్ ఆధారాల వైపు మీ మనసు ఉంటే అదే సరైన దారి కావచ్చు. నా సలహా పట్టా పేరు మీద కాదు, అందులోని గంటల మీద ఆధారపడి ఉంటుంది. మొత్తం కోర్సులో రసాయనశాస్త్రం, జీవశాస్త్రం, గణాంకశాస్త్రం సగానికి దగ్గరగా ఉండి, విద్యార్థి తన చేతులతో పరికరాలు నడిపే ప్రాక్టికల్స్ ప్రతి ఏటా ఉంటే నిస్సంకోచంగా చేరండి. శాస్త్రమంతా మొదటి ఏడాదితో ముగిసి తర్వాత కేసు కథలు, సిద్ధాంతాలు మాత్రమే ఉంటే, మీ ఇంట్లో వారు చెప్పినట్టు రసాయనశాస్త్రమే మేలు. ఇంకా తేల్చుకోలేకపోతున్నారంటే రసాయనశాస్త్రం వైపే మొగ్గమంటాను, ఎందుకంటే అక్కడి నుంచి ఇటు రావడం సులభం, ఇటు నుంచి అటు పోవడం కష్టం.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. ఈ పనిలో చూడవలసి వచ్చే దృశ్యాలు కొన్ని మనసులో ఉండిపోతాయి. మృతదేహాల కంటే నన్ను ఎక్కువగా కలతపెట్టినవి ఇంటి నుంచి వచ్చిన మామూలు వస్తువులు. పేరు కుట్టిన చిన్నపిల్లల స్వెట్టరును బల్ల మీద పరిచి, మరకలను ఒక్కొక్కటిగా గుర్తిస్తూ సాయంత్రం దాకా కూర్చోవడం తేలిక కాదు. డిజిటల్ విభాగంలో పిల్లలపై అకృత్యాల చిత్రాలు చూడవలసి వచ్చేవారి భారం ఇంకా ఎక్కువ. దీన్ని తట్టుకోవడం మొండితనంతో అయ్యే పని కాదు, సహోద్యోగులతో మాట్లాడాలి, అవసరమైతే నిపుణుల సాయం తీసుకోవాలి. ఇలాంటి సాయం గురించి తరగతిలోనే మాట్లాడే విభాగాన్ని నేను గౌరవిస్తాను.

చేరే ముందు విభాగాన్ని స్వయంగా చూడడానికి అనుమతి అడగండి. వెళ్లినప్పుడు మెరిసే పరికరాలను చూపిస్తారు, వాటిని చూడండి. ఆ తర్వాత ఆ పరికరాన్ని పోయిన నెల ఎంతమంది విద్యార్థులు నడిపారో అడగండి. పక్కనే వాడకపు రిజిస్టరు ఉండాలి, అందులో విద్యార్థుల పేర్లు కనిపించాలి. నమూనాలు దాచే గది ఎక్కడుందో, దాని తాళం ఎవరి దగ్గర ఉంటుందో, లోపలికి వెళ్లినవారు సంతకం చేస్తున్నారో లేదో గమనించండి. మాక్ కోర్టులో ప్రశ్నలు వేయడానికి న్యాయశాస్త్ర విభాగం నుంచో బయటి నుంచో న్యాయవాదులు వస్తారా, లేక వాళ్ల అధ్యాపకులే వేస్తారా అని అడగండి. చివరి ఏడాది విద్యార్థి ఎవరైనా కనిపిస్తే, తాను రాసిన నివేదిక ఒకటి చూపించమని కోరండి. అందులో ‘ఈ ఫలితం నుంచి చెప్పలేనివి’ అన్న భాగం ఉందో లేదో చూసి, ఉంటే అది ఎంత పొడవుందో కూడా చూడండి.